పిల్లల్ని వెంటబెట్టుకుని పరిచర్యకు వెళ్ళాలనుకునే అమ్మానాన్నలకు

మేం నలుగురం కలిసి మొదటిసారి పరిచర్యకని వెళ్ళిన రోజు మా పిల్లలిద్దరూ నలభై నిమిషాల పాటు ఒక మంచం చివర కదలకుండా కూర్చున్నారు. మా సంఘంలో ఒక పెద్దావిడ ఇల్లు అది. చూపు బాగా మందగించింది, మోకాళ్ళు సహకరించడం లేదు, ఆరాధనకు రాలేకపోతున్నారు. నేను కబుర్లు చెప్పాను. మావారు వాక్యం చదివి ప్రార్థన చేశారు. తెచ్చిన సంచి ఇచ్చాం, ఒక ఫొటో తీసుకున్నాం, వచ్చేశాం. దారిలో మా బాబు అడిగాడు. అప్పుడు వాడికి ఆరేళ్ళు. "అమ్మా, సేవ చేయడానికి వెళ్తున్నాం అన్నావు కదా. ఎప్పుడు చేస్తాం?"

వాడు నిజంగానే అడుగుతున్నాడు. వాడి లెక్కలో ఇంకా ఏమీ మొదలవలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు అదే ఇంటికి వెళ్తూ మేం నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. అందులో మొదటిది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే: వెళ్ళిన చోట పిల్లలకు తమదంటూ ఒక పని ఉండాలి. చిన్నదైనా ఫర్వాలేదు కానీ, వాళ్ళు రాని రోజున అది ఆగిపోయేదై ఉండాలి. అప్పుడే వాళ్ళు అమ్మానాన్నల వెనక వచ్చినట్టు కాకుండా, తమకు పని ఉండి వచ్చినట్టు వస్తారు.

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయాన్ని మనలో చాలామంది పేర్ల పట్టిక అని దాటేస్తాం. యెరూషలేము గోడను ఎవరెవరు ఎక్కడెక్కడ బాగుచేశారో అందులో ఉంటుంది. పన్నెండో వచనంలో షల్లూము అనే అధికారి పేరుంది. పట్టణంలో సగం భాగానికి అధిపతి ఆయన. ఆయనతో పాటు ఆయన కూతుళ్ళు కూడా గోడ కట్టారని అక్కడ రాసి ఉంది. వాళ్ళను పక్కన నిలబెట్టి చూపించలేదు, రాళ్ళ పనిలోకే దించాడు. యేసు ఐదు వేలమందికి ఆహారం పెట్టిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉన్నా, ఆ రొట్టెలు ఒక చిన్నవాడి దగ్గరివని యోహాను ఒక్కడే చెప్పాడు. ఐదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు. "యింత మందికి ఇవి ఏమాత్రము" అని శిష్యుడైన అంద్రెయ అన్నాడు. పిల్లలు తెచ్చేదాన్ని చూసి పెద్దవాళ్ళం మనం ఇప్పటికీ అనే మాట అదే.

ముందు ఇంట్లో

బయటికి వెళ్ళేముందు ఒక నెల ఇంట్లోనే మొదలుపెట్టండి. మొదటి తిమోతి ఐదో అధ్యాయంలో పౌలు విధవరాళ్ళ గురించి రాస్తూ, వాళ్ళకు పిల్లలు గానీ మనుమలు గానీ ఉంటే మొదట సొంత ఇంటివాళ్ళ పట్ల భక్తి చూపించడం నేర్చుకోవాలన్నాడు. మనుమలు అన్న మాట నన్ను ఆపేసింది. ఎందుకంటే మా అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. ఆవిడ పిలిస్తే పిల్లలు మూడోసారికి గానీ పలికేవారు కాదు. బయట పెద్దవాళ్ళకు సేవ చేయడం నేర్పాలని నేను తాపత్రయపడుతున్నాను, ఇంట్లో పెద్దావిడకేమో కళ్ళజోడు అందించేవాళ్ళు లేరు.

అందుకే మా అమ్మాయికి నానమ్మ కళ్ళజోడు పని అప్పగించాం. పొద్దున్నే తుడిచి, దిండు పక్కన పెట్టాలి. బాబుది నానమ్మ ఫోన్ చార్జింగ్ పని. నేను గుర్తు చేయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. రెండో వారంలో ఒకరోజు ఫోన్ ఆగిపోయింది, ఆవిడకు చెల్లెలి నుంచి రావాల్సిన ఫోన్ రాలేదు. బాబు మొహం చిన్నబోయింది. నేను ఏమీ అనలేదు. అత్తయ్యగారే వాణ్ణి పిలిచి, "రేపు పెడతావుగా" అన్నారు. ఆ తర్వాత వాడు మర్చిపోయింది చాలా తక్కువ.

ఏ ఇంటికి వెళ్ళాలి

ఒక్క ఇల్లు ఎంచుకోండి. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పండగ రోజున ఒక ఆశ్రమానికి, తర్వాత ఇంకెప్పుడో ఒక ఆసుపత్రికి వెళ్ళొస్తే పిల్లలకు ఎవరి పేరూ గుర్తుండదు. అక్కడున్న వాళ్ళకూ వీళ్ళ పేర్లు తెలియవు. ఒకే మనిషి దగ్గరికి ఏడాది పాటు వెళ్తే ఆవిడకు ఏ చెవి బాగా వినబడుతుందో, ఏ మాటకు నవ్వుతుందో పిల్లలకు తెలుస్తుంది. ప్రేమించడానికి అంత దగ్గరితనం కావాలి.

కొరింథు సంఘంలో స్తెఫను అనే ఆయన ఉండేవాడు. రాళ్ళ దెబ్బలకు చనిపోయిన స్తెఫను కాదు, ఈయన వేరు. ఈయన ఇంటివాళ్ళు పరిశుద్ధులకు పరిచర్య చేయడానికి "తమ్మును తాము అప్పగించుకొని యున్నారు" అని పౌలు రాశాడు. ఇల్లు మొత్తం కలిసి ఒక పనికి కట్టుబడిందన్నమాట. మేం కుటుంబ ప్రార్థనలో ఆ వచనం చదివి, మనం ఎవరికి అప్పగించుకుందాం అని పిల్లల్నే అడిగాం. నేను వేరే ఇల్లు అనుకుంటూ ఉన్నాను. మా అమ్మాయి, "ఆ మామ్మగారి దగ్గరికే మళ్ళీ వెళ్దాం, అక్కడ మనం ఇంకా ఏమీ చేయలేదు కదా" అంది. సరే అన్నాం.

మీకు అలా ఎవరూ తోచకపోతే పాస్టరు గారినో, సంఘంలో స్త్రీల కూడిక నడిపే అక్కయ్యనో అడగండి. ఎవరు ఒంటరిగా ఉన్నారో వాళ్ళకు తెలుస్తుంది. అప్పుడే కాన్పు అయిన తల్లి కావచ్చు, ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకుంటూ ఊపిరాడని కోడలు కావచ్చు, ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబం కావచ్చు. సంఘం బయటివాళ్ళైతే ఇంకా మంచిది. కానీ సహాయం పొందినవాళ్ళు రేపు మన సంఘానికి రావాలని మనసులో లెక్క వేసుకోవద్దు. పిల్లలు ఆ లెక్కను ఇట్టే పసిగడతారు. యేసు చెప్పిన కథలో సమరయుడు దారిలో పడి ఉన్నవాడి గాయాలు కట్టేటప్పుడు నీది ఏ మతం అని అడగలేదు. ప్రార్థన చేయాలనిపిస్తే "మీ కోసం ప్రార్థన చేయమంటారా?" అని అడగండి. వద్దంటే ఇంటికి వచ్చి చేసుకోవచ్చు.

వెళ్ళేముందు ఫోన్ చేసి, ఏ రోజు, ఏ వేళ వస్తే బాగుంటుందో వాళ్ళనే అడగండి. మనకు ఖాళీ ఉన్న వేళ వాళ్ళకు నిద్రవేళ కావచ్చు. ఏం కావాలో కూడా అడగాలి. మేం మొదటిరోజు మోసుకెళ్ళిన సంచిలో సగం వస్తువులు ఆవిడకు పనికిరానివే.

ఎవరి చేతికి ఏ పని

మూడు నాలుగేళ్ళ పిల్లలు మంచినీళ్ళ గ్లాసు అందించగలరు. ప్రభువు "గిన్నెడు చన్నీళ్లు" కూడా లెక్కలోకి వస్తాయన్నాడు కదా. ఒలికితే ఒలకనివ్వండి, తుడిచే గుడ్డ మీ సంచిలో ఉంచుకోండి. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళు మొక్కలకు నీళ్ళు పోయగలరు, ఉతికి ఆరేసిన బట్టలు మడత పెట్టగలరు, కింద పడినవి వెతికి తీసివ్వగలరు. నడుం వంగని వాళ్ళకు ఇది ఎంత పెద్ద సాయమో అడిగి చూడండి. పదేళ్ళు దాటిన వాళ్ళు చదివి వినిపించగలరు, పెద్దవాళ్ళు చెబుతుంటే ఉత్తరం రాసిపెట్టగలరు, పసిపిల్లల్ని ఆడించి ఆ తల్లికి ఒక గంట నిద్రను ఇవ్వగలరు. ఇక టీనేజి పిల్లలకైతే పని చెప్పడం మానేసి, బాధ్యత మొత్తం వదిలేయండి. "ఈ నెల అంతా నువ్వే చూసుకో, మేం నువ్వు చెప్పింది చేస్తాం" అనండి. సాధారణంగా వాళ్ళకు విసుగు పుట్టించేది సేవ కాదు, మన అజమాయిషీ.

అయితే అన్నీ మీరే ముందుగా నిర్ణయించి పెట్టకండి. పిల్లల కళ్ళకు కనిపించేవి వేరు. మేం రెండోసారి వెళ్ళినప్పుడు నేను ఆవిడ మందుల పెట్టె చూస్తున్నాను, మావారు తలుపు గడియ బిగిస్తున్నారు. బాబు గది మధ్యలో నిలబడి గోడ వైపు చూస్తూ, "గడియారం ఆగిపోయింది" అన్నాడు. ఆవిడకు గడియారంలో ముల్లు కనబడదు కదా అని నేను పట్టించుకోలేదు. ఆవిడే అందుకుంది. "ఎప్పుడో ఆగిపోయింది నాయనా. టిక్ టిక్ మంటూ ఉంటే ఇంట్లో ఇంకొకరు ఉన్నట్టు ఉండేది."

మర్నాడే బ్యాటరీ తెచ్చాం. మావారు కుర్చీ పట్టుకున్నారు, బాబే ఎక్కి గడియారం దించాడు. వెనక మూత తీసి పాత బ్యాటరీ బయటికి లాగితే దాని చివర తెల్లగా పొడి పట్టి ఉంది. దాన్ని వాడు ముట్టుకోకుండా వాళ్ళ నాన్న తీసుకుని, గుడ్డతో తుడిచి ఇచ్చారు. కొత్తది పెట్టాక వాడు గడియారాన్ని గోడకు తగిలించకుండా నేరుగా ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి చెవి దగ్గర పట్టుకున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. చాలాసేపు వింది. మా బాబు చేతులు నొప్పెట్టినా దించలేదు.

అప్పట్నుంచి ఆ గడియారం వాడిది. వెళ్ళగానే ముందు దాని కిందకు వెళ్ళి నిలబడతాడు.

మా అమ్మాయిది చదివే పని. పెద్ద అక్షరాల బైబిలు ఆవిడదే, తనకు ఇక కనబడదు. మొదట్లో అమ్మాయికి గ్రాంథికం నోరు తిరగక ఒకటే టెన్షన్ పడేది. నూట ఇరవై ఒకటో కీర్తన చదువుతూ "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?" దగ్గర తడబడి, ఒక వరుస వదిలేసి కిందికి వెళ్ళిపోయింది. మంచం మీద నుంచి ఆవిడ మెల్లగా అంది, "యెహోవావలననే నాకు సహాయము కలుగును." అమ్మాయి ఆగిపోయి, వెనక్కి వచ్చి, ఆ వరుస చదివింది. ఆవిడకు కీర్తనలు చాలావరకు కంఠతా వచ్చని ఆ రోజు తెలిసింది. కంఠతా వచ్చినదాన్ని మళ్ళీ ఒక పిల్ల గొంతులో వినాలని ఆవిడ కోరిక. క్రమంగా అమ్మాయి పుస్తకం మూసి, ఆవిడ దగ్గర వరుస వరుస నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి పరిచర్య చేస్తున్నారో ఆ గదిలో నాకు తెలిసేది కాదు. మీరు వెళ్ళిన చోట కూడా వాళ్ళ దగ్గర పుచ్చుకోవడానికి పిల్లల్ని సిద్ధపరచండి. పాట, కథ, పాత సాక్ష్యం, ఏది ఇస్తే అది. ఎప్పుడూ పుచ్చుకోవడమే తప్ప ఇచ్చే అవకాశం లేని మనిషికి లోలోపల చిన్నతనంగా ఉంటుంది.

ఫొటోలు

తీయకండి. మొదటిరోజు తీసిన ఫొటో నేను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చాలామంది "దేవునికి స్తోత్రం" అని రాశారు. కొన్ని వారాల తర్వాత, ఎవరి ద్వారా తెలిసిందో, ఆవిడ నాతో ఒక మాట అంది. కోపంగా కూడా అనలేదు. "ఆ రోజు నేను జడ కూడా వేసుకోలేదమ్మా."

ఆ మాటకు నాకు ఇప్పటికీ నొప్పే. క్షమించమని అడిగాను, గ్రూపులోంచి తీసేశాను, కానీ చూసినవాళ్ళు చూసేశారు. మా ఇంట్లో అప్పుడు రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, పరిచర్యకు వెళ్ళేటప్పుడు ఫోన్లు సంచిలోంచి బయటికి రావు. రెండు, ఆ ఇంటి సంగతులు ఈ ఇంట్లోనే ఉండిపోతాయి, స్కూల్లో గానీ సండే స్కూల్లో గానీ చెప్పం. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట పిల్లలకు నేర్పడానికి మాకు దొరికిన మార్గం ఇదే.

ముందు చెప్పాల్సినవి, తర్వాత మాట్లాడాల్సినవి

జబ్బుగా ఉన్న ఇల్లయితే అక్కడ వాసన ఉండొచ్చని, మాట తడబడవచ్చని, ఉన్నట్టుండి ఏడవచ్చని పిల్లలకు ముందే చెప్పండి. ముక్కు మూసుకోకూడదని గదమాయించడం కంటే, "కాసేపటికి అలవాటవుతుంది, ఇబ్బందిగా ఉంటే నా చెయ్యి నొక్కు, బయటికి వెళ్ళి గాలి పీల్చుకుని వద్దాం" అంటే వాళ్ళకు ధైర్యం వస్తుంది. చిన్నపిల్లలుంటే అరగంట, పెద్దవాళ్ళయితే ముప్పావుగంట చాలు. ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించినప్పుడే లేచి రండి.

కొన్ని జాగ్రత్తలు మొహమాటం లేకుండా పాటించాలి. ఎవరింట్లోనైనా, ఎంత నమ్మకమైన విశ్వాసుల ఇల్లయినా, పిల్లల్ని ఒంటరిగా వదిలి రావద్దు. ముద్దు పెట్టమని, ఒళ్ళో కూర్చోమని ఎవరైనా అడిగితే, ఇష్టం లేకపోతే వద్దనే హక్కు పిల్లలదే. మందులు ఇచ్చే పని పెద్దవాళ్ళే చేయాలి. పిల్లలకు జలుబు, దగ్గు ఉంటే ఆ వారం వెళ్ళకండి, మనకు మామూలు జలుబు ముసలివాళ్ళకు ప్రాణం మీదికి రావచ్చు. వెళ్ళలేకపోతే తప్పకుండా ఫోన్ చేయండి. ఒకసారి పరీక్షల హడావుడిలో మేం చెప్పడం మర్చిపోయాం. ఆవిడ చీకటి పడేదాకా గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుందని పక్కింటివాళ్ళు చెప్పారు. వారం వారం కుదరదనుకుంటే నెలకు రెండుసార్లని చెప్పండి, చెప్పినట్టు వెళ్ళండి.

తిరిగి వచ్చేటప్పుడు "ఎలా అనిపించింది?" అని అడిగితే పిల్లలు "బాగుంది" అని ఊరుకుంటారు. "ఈ రోజు ఆవిడ దేనికి నవ్వింది?" "మనకు కనబడకుండా ఇంకా ఏం కావాలనుకుంటున్నావు?" ఇలా అడగండి. అప్పుడు మాటలు వస్తాయి. మీ దగ్గర జవాబు లేని ప్రశ్నలు కూడా వస్తాయి. ఏడాది దాటాక మా అమ్మాయి అడిగింది, "ప్రతిసారీ ప్రార్థన చేస్తున్నాం కదా, దేవుడు ఆవిడ కళ్ళు ఎందుకు బాగుచేయడం లేదు?" నాకు తెలియదన్నాను. లాజరును లేపబోతూ కూడా ప్రభువు కన్నీళ్ళు పెట్టుకున్నాడని, అంతవరకు మాత్రం నాకు తెలుసని చెప్పాను. దానికి తృప్తి కలగలేదు. తర్వాతి వారం నేరుగా ఆవిడనే అడిగేసింది. నాకు గుండె ఝల్లుమంది. ఆవిడ మాత్రం మామూలుగానే, "నేనూ అడిగానమ్మా ఆయన్ని. ఇంకా చెప్పలేదు. నువ్వు చదువు, వింటాను" అంది.

"నేను రాను" అన్న రోజు

వస్తుంది ఆ రోజు. ఆట మధ్యలో ఉంటారు, లేదా అలసిపోయి ఉంటారు. బలవంతంగా ఈడ్చుకెళ్ళొద్దు, అలాగని వెంటనే వదిలేయొద్దు. మేం ఏం చేస్తామంటే, వాళ్ళ పని పేరు చెప్పి అడుగుతాం. "సరే, మరి గడియారం ఎవరు చూడాలి?" మానేస్తే ఆ సంగతి ఫోన్లో ఆవిడకు వాళ్ళే చెప్పాలి. చాలాసార్లు ఫోన్ తీసుకునేలోపే బయల్దేరతారు. నిజంగా అలసిపోయిన రోజు ఫోన్ చేసి చెబుతారు, ఆవిడ అర్థం చేసుకుంటుంది. తిరిగొచ్చాక ఏదో కొనిపెడతామని మాత్రం ఆశ పెట్టకండి. అప్పుడది కూలి అయిపోతుంది.

ఇచ్చే వస్తువుల్లో కూడా వాళ్ళది కొంత ఉండనివ్వండి. విరిగిన బొమ్మ, పొట్టి అయిపోయిన చొక్కా ఇవ్వడం ఇల్లు సర్దుకోవడమే. బలిపీఠం కట్టడానికి అరౌనా అనే ఆయన తన కళ్ళం ఉచితంగా ఇస్తానన్నప్పుడు దావీదు రాజు ఒప్పుకోలేదు. వెల ఇవ్వకుండా వచ్చినదాన్ని దేవునికి అర్పించనన్నాడు. మా బాబు రెండో బ్యాటరీకి తను దాచుకున్న డబ్బుల్లోంచి ఇస్తానన్నాడు. నేను అడ్డు చెప్పబోతే మావారు కళ్ళతోనే వద్దన్నారు.

పోయిన ఏడాది ఆవిడను వాళ్ళబ్బాయి తన దగ్గరికి, వేరే ఊరికి తీసుకెళ్ళాడు. సామాను సర్దేటప్పుడు గడియారం కూడా పెట్టమని చెప్పిందట. ఇప్పుడు అమ్మాయి వారానికోసారి ఫోన్లో కీర్తన చదువుతుంది, లేదా అటునుంచి ఆవిడ చెబితే ఇది వింటుంది. చివర్లో బాబు ఫోన్ తీసుకుని గడియారం మోగుతోందా అని అడుగుతాడు. ఆవిడ ఫోన్‌ను గోడ దగ్గర పెట్టమని ఎవరికో చెబుతుంది.

మేం ఇంకో ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాం. కాలు విరిగి ఆరు వారాలుగా మంచం మీద ఉన్న ఒకాయన, ఆయన భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. మొదటిరోజు మేం కూర్చుని మాట్లాడుతుంటే బాబు నా పక్కన కూర్చోలేదు. గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా నెమ్మదిగా చూస్తున్నాడు. కాసేపటికి ఆ ఇంటి చిన్నపిల్లవాడి దగ్గరికి వెళ్ళి, వాడి సైకిల్ చక్రం ఎప్పటి నుంచి ఊడిపోయి ఉందని అడిగాడు.